కేశనాళికలో నీరు ఎక్కే ఎత్తును కొలిచి తలతన్యతను కనుక్కోవడం: సమగ్ర మార్గదర్శి

ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదివినవారిలో చాలామంది కేశనాళికతో, అంటే సన్నని రంధ్రం గల గాజు గొట్టంతో, నీటి తలతన్యతను కనుక్కొనే ప్రయోగం చేసే ఉంటారు. సూత్రంలో విలువలు వేసి, పాఠ్యపుస్తకంలోని అంకెకు దగ్గరగా జవాబు రప్పించి, రికార్డు పూర్తి చేసి ఉంటారు కూడా. అయితే నీరు ఎందుకు ఎక్కింది, అక్కడే ఎందుకు ఆగింది, గొట్టంలో ఏ చోటి వ్యాసార్థాన్ని లెక్కలోకి తీసుకోవాలి అనే ప్రశ్నలు తేలకుండా చేసిన ప్రయోగం వల్ల అంకె చేతికి వస్తుంది గాని విషయం పట్టుబడదు. ఈ మార్గదర్శి ఆ ప్రయోగాన్ని పాఠశాలలోనో ఇంట్లోనో, ఖరీదైన పరికరాలు లేకుండా, రెండు శాతం లోపు తేడాతో చేసే పద్ధతిని వివరిస్తుంది. ఇందులో గట్టిగా చెప్పదలచినది ఒక్కటే: నీటి అంచు ఎక్కడ నిలిచిందో అక్కడి వ్యాసార్థమూ, అక్కడి గాజు శుభ్రతా కలిసి ఎత్తును నిర్ణయిస్తాయి, దాని కింద గొట్టం ఎంత వెడల్పుగా ఉన్నా ఆ నిర్ణయం మారదు.

ముందుగా: నీటిని పైకి తెచ్చేది ఏది

నీటి అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. లోపలి అణువుకు అన్ని వైపులా తోటి అణువులు ఉంటాయి. ఉపరితలం మీది అణువుకు పైవైపు అవి దాదాపు లేవు. అందువల్ల ఉపరితలం వీలైనంత కుంచించుకోవడానికి చూస్తుంది. ఈ గుణాన్ని ఒక గీత పొడవున పనిచేసే బలంగా కొలిస్తే అదే తలతన్యత. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటికి ఇది మీటరుకు 0.0728 న్యూటన్లు, 30 డిగ్రీల దగ్గర 0.0712. మామూలు ద్రవాల్లో ఇది ఎక్కువ విలువే. ఇథైల్ ఆల్కహాలుకు 20 డిగ్రీల దగ్గర 0.0223 మాత్రమే.

శుభ్రమైన గాజుకూ నీటికీ మధ్య ఉండే ఆకర్షణ బలమైనది కాబట్టి నీరు గోడను అంటుకొని పైకి పాకుతుంది, సన్నని గొట్టంలో నీటి పైతలం గిన్నెలా లోపలికి వంగుతుంది. ఈ వంపు తలాన్ని నెలవంక అంటారు. ఇలా వంగిన తలానికి పైనున్న గాలి పీడనం కంటే దాని కిందనున్న నీటి పీడనం కొంచెం తక్కువగా ఉంటుంది. ఆ తేడా తలతన్యతకు రెట్టింపును వంపు వ్యాసార్థంతో భాగించినంత. అర మిల్లీమీటరు వ్యాసార్థం గల గొట్టంలో అది సుమారు 285 పాస్కల్‌లు, అంటే 29 మిల్లీమీటర్ల నీటి స్తంభం కలిగించే పీడనం. బయట పాత్రలోని నీటి మీద వాతావరణ పీడనం పూర్తిగా ఉంది, గొట్టం లోపలి నీటిలో అది ఆ మేరకు తగ్గింది; ఆ లోటు భర్తీ అయ్యేదాకా బయటి నీరు లోపలికి తోసుకొస్తుంది. 29 మిల్లీమీటర్లు ఎక్కాక లోటు తీరిపోతుంది, నీరు ఆగుతుంది. గాజు నీటిని లాగిందని చెప్పుకోవడం తప్పు కాకపోయినా, పీడనం భాషలో ఆలోచించడం మేలు. కింద చెప్పే పరీక్షల్లో సగం ఆ దృష్టి లేకపోతే అర్థం కావు.

1718లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జూరిన్, నీరు ఎక్కే ఎత్తు గొట్టం వ్యాసానికి విలోమానుపాతంలో ఉంటుందని ప్రయోగాలతో చూపించాడు. వంపు తలానికీ పీడనానికీ ఉన్న సంబంధాన్ని 1805లో థామస్ యంగ్, 1806లో లాప్లాస్ తేల్చారు. ఇవన్నీ కలిపితే వచ్చే సూత్రం ఇది:

ఎత్తు = (2 × తలతన్యత × స్పర్శకోణపు కొసైన్) ÷ (సాంద్రత × గురుత్వ త్వరణం × వ్యాసార్థం)

నీటి తలం గోడను కలిసే చోట, నీటి లోపలి వైపున గోడతో చేసే కోణమే స్పర్శకోణం. పూర్తి శుభ్రమైన గాజు మీద నీటి స్పర్శకోణం సున్నాకు చాలా దగ్గర కాబట్టి కొసైన్‌ను 1గా తీసుకోవచ్చు. అప్పుడు 30 డిగ్రీల దగ్గర సూత్రం చాలా సులువవుతుంది: 14.6ను మిల్లీమీటర్లలోని వ్యాసార్థంతో భాగిస్తే ఎత్తు మిల్లీమీటర్లలో వస్తుంది. పావు మిల్లీమీటరు వ్యాసార్థానికి 58, పదో వంతు మిల్లీమీటరుకు 146. ఈ 14.6ను గుర్తుపెట్టుకుంటే ఎక్కువ లెక్కలు నోటితోనే అయిపోతాయి.

మొదటి అంచె: గొట్టాలను ఎంచుకోవడం

సైన్సు పరికరాల దుకాణాల్లో రెండు చివరలా తెరిచి ఉన్న గాజు కేశనాళికలు కట్టలుగా దొరుకుతాయి. ద్రవీభవన స్థానం కనుక్కోవడానికి వాడేవాటికి ఒక చివర మూసి ఉంటుంది, అవి పనికిరావు. రక్తపరీక్షల కోసం వాడే 75 మిల్లీమీటర్ల గొట్టాలు మందుల దుకాణాల ద్వారా చవకగా దొరుకుతాయి, కాని వాటిలో ఎర్ర గీత ఉన్నవాటికి లోపల రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూత ఉంటుంది. అది నీటిలో కరిగి ఫలితాన్ని పాడుచేస్తుంది కాబట్టి పూత లేని నీలి గీత గొట్టాలనే తీసుకోవాలి. వీటి లోపలి వ్యాసార్థం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. నీరు రెండున్నర సెంటీమీటర్ల వరకు ఎక్కుతుంది.

ఒకే రకం గొట్టంతో సరిపెట్టుకోకుండా కనీసం మూడు వేర్వేరు వ్యాసార్థాలవి సేకరించండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వ్యాసార్థం వద్దు. నీటికి గురుత్వం, తలతన్యత ఒకదానికొకటి సమానంగా తూగే పొడవు 2.7 మిల్లీమీటర్లు, గొట్టం దానికి దగ్గరయ్యే కొద్దీ నెలవంక అర్ధగోళంలా ఉండదు, పై సూత్రం నిలబడదు.

రెండో అంచె: వ్యాసార్థాన్ని తూకంతో కొలవడం

ఫలితంలో తేడాలన్నిటికీ మూలం ఎక్కువగా ఇక్కడే. ఎత్తును స్కేలుతో అర మిల్లీమీటరు ఖచ్చితత్వంతో చదవగలం, కాని వ్యాసార్థంలో పదిశాతం పొరపాటు తలతన్యతలో పదిశాతం పొరపాటుగా నేరుగా దిగుతుంది. కాలేజీల్లో చలన సూక్ష్మదర్శినితో (స్కేలు వెంట జరిపి దూరాన్ని కొలిచే సూక్ష్మదర్శినితో) గొట్టం చివరను చూసి వ్యాసాన్ని కొలుస్తారు. చివర విరిగినచోట రంధ్రం గుండ్రంగా లేకపోతే అడ్డంగా, నిలువుగా కొలిచి సగటు తీసుకుంటారు. పాతకాలంలో గొట్టంలోకి పాదరసం పీల్చి దాన్ని తూచేవారు. పాదరసపు ఆవిరి విషం కాబట్టి ఆ పద్ధతిని ఇంట్లోనే కాదు, బడిలో కూడా ఎవరూ చేయకూడదు.

పాదరసం బదులు నీరే సరిపోతుంది. పొడిగా ఉన్న గొట్టాన్ని తూచి, నీటిలో అడ్డంగా పూర్తిగా ముంచి నింపి, బయటి తడిని తుడిచి, వెంటనే మళ్లీ తూచాలి. తుడిచేటప్పుడు గుడ్డ గొట్టం చివరలకు తగలకూడదు, తగిలితే లోపలి నీటిని పీల్చేస్తుంది. అర మిల్లీమీటరు వ్యాసార్థం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గొట్టంలో పట్టే నీరు 55 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాము వరకు చూపే తూకం ఉంటే ఒక్క గొట్టం చాలు. పది మిల్లీగ్రాముల వరకే చూపే జేబు తూకమైతే ఒకే కట్టలోని పది గొట్టాలను కలిపి తూచి పదితో భాగించాలి. ఘనపరిమాణం నుంచి వ్యాసార్థానికి వెళ్లడానికి వర్గమూలం తీస్తాం కాబట్టి తూకంలోని పొరపాటు వ్యాసార్థంలోకి వచ్చేసరికి సగమవుతుంది. అందుకే, నా లెక్కలో, మామూలు భూతద్దంతో వ్యాసాన్ని చదవడం కంటే ఈ తూకపు పద్ధతి ఎంతో నమ్మదగినది.

ఇలా వచ్చేది గొట్టం మొత్తానికి సగటు వ్యాసార్థం. గొట్టం ఒక వైపు వెడల్పు, మరో వైపు ఇరుకు అయితే సగటు మోసం చేస్తుంది. ప్రయోగం అయ్యాక అదే గొట్టాన్ని తలకిందులు చేసి మళ్లీ కొలవడం దీనికి తేలికైన పరీక్ష. రెండు ఎత్తులు కలవకపోతే ఆ గొట్టాన్ని పక్కన పెట్టేయాలి, లేదా నెలవంక నిలిచిన చోట జాగ్రత్తగా విరిచి అక్కడి వ్యాసాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి.

మూడో అంచె: శుభ్రపరచడం

వేలి జిడ్డు కంటికి కనిపించకపోయినా స్పర్శకోణాన్ని సున్నా నుంచి ముప్పై, నలభై డిగ్రీలకు తీసుకుపోగలదు. కోణం 40 డిగ్రీలైతే ఎత్తు నాలుగో వంతు తగ్గుతుంది. ప్రయోగశాలలో గొట్టాన్ని ముందు సజల నత్రికామ్లంతో, తరువాత కాస్టిక్ సోడా ద్రావణంతో, చివరగా స్వేదనజలంతో పలుమార్లు కడుగుతారు. ఈ పని ఉపాధ్యాయుడి సమక్షంలో, కళ్లద్దాలూ చేతి తొడుగులూ వేసుకొని చేయాల్సినది. ఇంట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గొట్టంలోకి రెండు మూడుసార్లు ఎక్కించి తీసేసి, ఆపై వేడి స్వేదనజలంతో అయిదారు సార్లు కడిగితే చాలావరకు సరిపోతుంది. పాత్ర శుభ్రం చేయడానికి వాడిన సబ్బు ఆనవాలు కూడా మిగలకూడదు. నిజానికి జిడ్డు కంటే కూడా మిగిలిపోయిన సబ్బే ఎక్కువ ప్రయోగాలను చెడగొడుతుంది.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నీటితో నింపి వదిలినప్పుడు లోపలి గోడ మీద నీరు పలుచని పొరగా జారిపోతే గొట్టం సిద్ధం. అక్కడక్కడా చుక్కలుగా విడిపోతే మళ్లీ కడగాలి. కడిగిన తరువాత గొట్టాన్ని పై చివర దగ్గర మాత్రమే పట్టుకోవాలి.

నాలుగో అంచె: అమరిక, కొలత

కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న పాత్రను తీసుకొని స్వేదనజలంతో అంచుకు దగ్గరగా నింపండి. పాత్ర గోడల వెంట కూడా నీరు కొంచెం ఎక్కుతుంది, ఇరుకు పాత్రలో ఆ ఎత్తు కొలత అంతటినీ కలుషితం చేస్తుంది. గొట్టాన్ని ఒక గాజుపలకకు రబ్బరు బ్యాండుతో బిగించి, పలకను స్టాండు క్లాంపుకు పట్టించి, బరువు కట్టిన దారాన్ని పక్కన వేలాడదీసి నిటారుగా ఉందో లేదో సరిచూడాలి. పాత్రలో నీటి మట్టాన్ని నేరుగా చదవడం కష్టం కాబట్టి, వంచిన గుండుసూదిని గొట్టానికి కాస్త ఎడంగా కట్టి దాని మొన నీటిని అప్పుడే తాకేలా ఉంచుతారు. మొనకూ నీటిలోని దాని నీడకూ మధ్య ఖాళీ పోయిన క్షణమే తాకిన క్షణం. కొలత మొదలయ్యేది ఆ మొన నుంచే.

గొట్టాన్ని మొదట ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోతుకు ముంచి, అప్పుడు మెల్లగా పైకెత్తి అసలు చోటుకు తేవాలి. దీనివల్ల నెలవంక కొలిచే చోటుకు పైనున్న గోడ ముందే తడుస్తుంది. పొడి గోడ మీదుగా ఎక్కే నీరు తన పూర్తి ఎత్తుకు ముందే ఆగిపోయే అవకాశం ఉంది, తడిసిన గోడ మీదుగా దిగి వచ్చే నీరు సరైన చోట నిలుస్తుంది. ఎక్కించి ఒకసారి, దించి ఒకసారి కొలిచి రెండూ కలిస్తే గాజు నిజంగా శుభ్రంగా ఉన్నట్లే.

నెలవంక అడుగు బిందువును, కంటిని సరిగ్గా అదే ఎత్తులో ఉంచి చదవండి. అడుగు బిందువుకు పైన అంచుల వెంబడి కొంత నీరు మిగిలి ఉంటుంది. దాని లెక్క కోసం ఎత్తుకు వ్యాసార్థంలో మూడో వంతును కలపాలి. నీటి ఉష్ణోగ్రతను తప్పక రాసుకోవాలి.

అయిదో అంచె: లెక్క

వ్యాసార్థం 0.50 మిల్లీమీటర్లు, 30 డిగ్రీల దగ్గర చదివిన ఎత్తు 29.0 మిల్లీమీటర్లు అనుకుందాం. మూడో వంతు వ్యాసార్థం కలిపితే ఎత్తు 29.17. తలతన్యత అంటే సగం × వ్యాసార్థం × ఎత్తు × సాంద్రత × గురుత్వ త్వరణం. మీటర్లలోకి మార్చి, సాంద్రత 995.7, గురుత్వ త్వరణం 9.78 వేస్తే మీటరుకు 0.0710 న్యూటన్లు వస్తుంది. ప్రామాణిక విలువ 0.0712. హైదరాబాదులో కూర్చొని 9.81 వాడనక్కరలేదు. అది యూరప్ అక్షాంశాల విలువ, మన దగ్గర 9.78 సరైనది. ఈ తేడా వెయ్యికి మూడే అయినా, సరైనది తెలిసి తప్పుది వాడటానికి కారణం లేదు.

మూడు నాలుగు గొట్టాల ఫలితాలకు సగటు తీసే అలవాటు చాలామందికి ఉంటుంది. అంతకంటే, వ్యాసార్థపు విలోమాన్ని అడ్డంగా, ఎత్తును నిలువుగా తీసుకొని గ్రాఫు గీయడం ఎక్కువ చెబుతుంది. బిందువులు మూలబిందువు గుండా పోయే సరళరేఖ మీద పడాలి, దాని వాలు నుంచి తలతన్యత వస్తుంది. ఒకే బిందువు పక్కకు జరిగితే ఆ గొట్టంలో తేడా. బిందువులన్నీ ప్రామాణిక విలువ చూపే రేఖకు కిందనే వరుసగా ఉంటే నీటిలో సబ్బో, గాజు మీద జిడ్డో ఉంది. రేఖ మూలబిందువును తప్పితే మట్టం చదవడంలో తేడా. సగటు ఈ మూడింటినీ ఒకే అంకెలో దాచేస్తుంది.

ఆరో అంచె: సూత్రాన్ని పరీక్షకు పెట్టడం

కొలత అయ్యాక గొట్టాన్ని తీసేయకుండా కొన్ని పరీక్షలు చేయవచ్చు. గొట్టాన్ని నిలువు నుంచి 60 డిగ్రీలు వంచితే నీటి స్తంభం పొడవు రెట్టింపై 58 మిల్లీమీటర్లవుతుంది, నిలువు ఎత్తు మాత్రం 29 దగ్గరే ఉంటుంది. పీడనపు లోటును తీర్చేది నిలువు ఎత్తే గాని పొడవు కాదు.

తరువాత గొట్టాన్ని నిలువుగానే ఉంచి, పైకి 15 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలేలా నీటిలోకి దించండి. 29 ఎక్కాల్సిన నీరు పైనుంచి ధారగా పొంగి పోతుందని అనిపిస్తుంది. పొంగదు. చివరి అంచుకు చేరాక నెలవంక చదునవుతూ పోయి, దాని వంపు వ్యాసార్థం అర మిల్లీమీటరు నుంచి దాదాపు ఒక మిల్లీమీటరుకు పెరిగి, 15 మిల్లీమీటర్లకు సరిపడా లోటును మాత్రమే ఇస్తూ నిలిచిపోతుంది. అలా పొంగి ఉంటే దాంతో చక్రం తిప్పి ఖర్చు లేని శక్తిని పొందవచ్చునన్న ఆశ చాలామందికి కలిగింది. దానికి జవాబు ఈ చదునైన నెలవంకే.

గాజు గోడ నీటికి నచ్చకపోతే ఏమవుతుందో చూడటానికి పాదరసం అక్కరలేదు. గొట్టం లోపల కొవ్వొత్తి మైనాన్ని కరిగించి పలుచని పూత పట్టించి ముంచితే స్పర్శకోణం 90 డిగ్రీలు దాటుతుంది, నెలవంక బోర్లా తిరుగుతుంది, లోపలి నీరు బయటి మట్టం కంటే కిందనే ఉండిపోతుంది.

రెండు సూక్ష్మదర్శిని స్లైడులతో చేసేది వీటన్నిటిలో చూడచక్కనిది. రెండు పలకల నిలువు అంచులను ఒక పక్క కలిపి, రెండో పక్క మిల్లీమీటరు మందపు పుల్లను పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, రంగు కలిపిన నీటి పళ్లెంలో నిలబెట్టాలి. పలకల మధ్య ఎడం అతుకు నుంచి దూరంతో పాటు పెరుగుతుంది, ఎత్తు ఎడానికి విలోమంగా తగ్గుతుంది, కాబట్టి నీటి పైఅంచు అతిపరావలయంగా (హైపర్‌బోలాగా) ఏర్పడుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు స్లైడులో సగం దూరంలో, అంటే ఎడం అర మిల్లీమీటరున్న చోట, నీరు 29 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 1712లో బ్రూక్ టేలర్ గమనించినది ఈ వక్రరేఖనే. ఇక్కడ మొత్తం సూత్రం ఒకే చూపులో కనిపిస్తుంది.

సబ్బు పరీక్షను అన్నిటికంటే చివరికి అట్టిపెట్టుకోండి. ఒక చుక్క పాత్రలు కడిగే ద్రవం వేస్తే స్తంభం సుమారు సగానికి పడిపోతుంది, ఆ తరువాత పాత్ర, గొట్టం, సూది అన్నీ మొదటినుంచి కడగాల్సి వస్తుంది. వేడి ప్రభావం ఇంత నాటకీయంగా ఉండదు: 60 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత 0.0662, అంటే 20 డిగ్రీలతో పోలిస్తే పదిశాతం లోపు తగ్గుదల.

వేగం సంగతి

ఎంత ఎత్తుకు అనే ప్రశ్నకూ ఎంత త్వరగా అనే ప్రశ్నకూ జవాబులు ఎదురెదురుగా ఉంటాయి. గొట్టం సన్నబడే కొద్దీ చివరి ఎత్తు పెరుగుతుంది, కాని గోడల వద్ద స్నిగ్ధత (ద్రవపు చిక్కదనం) వల్ల కలిగే నిరోధం అంతకంటే వేగంగా పెరిగి నీటి నడకను మందగింపజేస్తుంది. వడపోత కాగితపు పట్టీని చదునుగా పరిచి, ఆవిరైపోకుండా పైన గాజుపలక కప్పి, ఒక చివర నీటికి తాకించి తడి అంచును గమనిస్తే, రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల కాలం పడుతుంది. 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ చెప్పిన సూత్రం ఇదే. ఇసుకలో నీరు గబగబా కొద్ది ఎత్తుకు ఎక్కి ఆగిపోవడం, బంకమట్టిలో నెమ్మదిగానైనా చాలా ఎత్తుకు పోవడం ఈ నియమం వల్లనే.

వర్షాధార పొలాల్లో వాన వెలిశాక గుంటక తోలడంలో ఉన్న ఒక ప్రయోజనం కూడా దీనికి చెందినదే. పైపొర వదులైతే కింది తేమను ఉపరితలానికి చేర్చే సన్నని దారులు తెగిపోతాయి. పెద్ద ఖాళీల్లో నీటి అంచుకు బలం చాలదు, తేమ కిందనే నిలుస్తుంది. ఇంటి పునాదిపై తేమను అడ్డుకోవడానికి వేసే డీపీసీ పొర కూడా ఇటుకల రంధ్రాల్లో పైకి పాకే నీటి దారిని అలాగే మధ్యలో తెంచుతుంది.

ఇక చెట్లు. చెట్టులో నీరు కేశనాళికీయత వల్లే కొమ్మల దాకా ఎక్కుతుందని పాఠాల్లో తరచు రాస్తుంటారు. 14.6తో లెక్కవేసి చూడండి. కాండంలో నీటిని మోసే నాళం వ్యాసార్థం 25 మైక్రాన్లు అనుకుంటే ఎత్తు 58 సెంటీమీటర్లే. ముప్పై మీటర్ల చెట్టుకు అర మైక్రాను వ్యాసార్థం కావాలి. అంత ఇరుకు నాళాల్లో నీరు చెట్టు అవసరానికి తగిన వేగంతో కదలదు. 1894లో డబ్లిన్‌లో శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీలు ఇచ్చిన వివరణ ప్రకారం నెలవంకలు కాండంలో ఉండవు, ఆకుల్లోని కణకుడ్యాల (కణాల గోడల) అతిసూక్ష్మ రంధ్రాల్లో ఉంటాయి. పది నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న రంధ్రంలోని నెలవంక 14 మెగాపాస్కల్‌ల లోటును భరించగలదు, ముప్పై మీటర్ల నీటి స్తంభాన్ని నిలపడానికి కావలసినది 0.3 మాత్రమే. కింది నాళాలు ముందునుంచే నీటితో నిండి, తెగకుండా ఉన్నంత కాలం వాటి వెడల్పు ఎత్తును పరిమితం చేయదు. ఆకు నుంచి ఆవిరైన ప్రతి చుక్క స్థానంలోకి కింది నీరు జరుగుతూ ఉంటుంది.